గృహారోగ్యము: పెద్దవారి నిలుకడ

ఇంటిలో ముదుసలి పడినదని తెలిసినపుడు మొదట వినవచ్చు మాట "ముసలి ప్రాణము, పడక యేమగును?" అనునదియే. జ్వరము వచ్చినచో వైద్యుని పిలుతుము. చూపు మందగించినచో కండ్లద్దములు పెట్టింతుము. పడుటను మాత్రము వయసు లెక్కలో వ్రాసి యూరకుందుము. ఈ మాసమున మేము సోదరీమణులతో ఈ విషయమై కొంచెము వాదింపదలచితిమి. వయసు మీఱినకొలది పడుట యెక్కువగుట నిజమే. దానిని తగ్గింప వీలులేదనుట మాత్రము నిజము గాదు. నిలుకడయు నొక విద్యయే. మఱచినవారు దానిని మరల నేర్వవచ్చును. ఎనుబది యేండ్లు దాటినవారును నేర్చిరని పరిశోధకులు లెక్కలు కట్టి చూపియున్నారు.

పడుటవలన ప్రపంచమున ప్రతి సంవత్సరము 6,84,000 మంది మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనుకొనకుండ కలుగు గాయములవలని మరణములలో రోడ్డు ప్రమాదముల తరువాతి స్థానము దీనిదే. ఇందులో నధికులు అఱువది యేండ్లు దాటినవారు. మరణింపక, తుంటియెముక విఱిగి మంచము పట్టినవారి కథ వేఱు. ఆ కథ మన ఆడువారికి చెప్పనక్కఱలేదు. ఆ మంచము ప్రక్కన రాత్రులు గడపువారము మనమే గదా.

మా ఆలంపురపు సీమలో ఈ విషయము మఱింత బరువైనది. పాలమూరు కూలి యను పేరు దేశమంతట తెలిసినదే. పెద్ద ఆనకట్టలకు మట్టి మోసినవారిలోను, నగరములలో మేడలు లేపువారిలోను మా జిల్లావారు చిరకాలమునుండి కలరు. గుంపు మేస్త్రీ ముందుగా సొమ్ము చేతబెట్టును. పంట ఇంటికి వచ్చిన పిమ్మట, లేదా ఇక రాదని తేలిన పిమ్మట, ఆలుమగలు మూట గట్టుకొని హైదరాబాదునకో బొంబాయికో బెంగుళూరునకో పోవుదురు. మునుపటికంటె ఈ వలస తగ్గినది గాని నిలిచిపోలేదు. ఇంటిలో మిగులునది అవ్వ. ఆమెతో బడికి పోవు మనుమలు. కొడుకు కోడలు ఉన్న యింట అవ్వ జాఱినచో నాలుగు చేతులు లేపును. ఒంటిగానున్న అవ్వ నడిరాత్రి దొడ్డిలో జాఱినచో తెల్లవాఱువఱకు ఎవరికిని తెలియదు.

నీరు లేనిచోటినుండి జనము వలసపోవుట వింత గాదు. రెండు నదులు కలియు చోటినుండి పోవుట వింత. తుంగభద్ర మా ఊరి యొడ్డుననే పాఱి, కొంత దూరము పోయి కృష్ణలో కలియుచున్నది. రాజోలిబండ మళ్లింపు పథకము క్రింద ఈ ప్రాంతమున 87,500 ఎకరములు తడియవలెనని లెక్క, అందులకు 15.9 టీ.ఎం.సీ.ల నీరు కేటాయింపబడినది. ఆ నీరు కాలువ చివరనున్న మా వైపునకు లెక్కప్రకారము చేరుట యరుదు. ఆ కొఱత తీర్చుటకే 2018లో తుమ్మిళ్లయొద్ద ఎత్తిపోతల పనులు ఆరంభించిరి. కాగితముపై నీరు పాఱినంతమాత్రమున కోడలు ఇంటిపట్టున నిలువదు. చేనికి నీరు పాఱవలెను.

దీనికి తోడు శ్రీశైలపు జలాశయము. 1981 ప్రాంతమున నీరు నిలుపునపుడు కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో నూఱింటికి మించిన పల్లెలు మునిగినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాతికి రాయి విడదీసి, ఆలంపురమునకు తెచ్చి, యథాప్రకారము నిలిపిరి. శిలలకు గుర్తులు వ్రాసి మరల పేర్చవచ్చును. పల్లెను అట్లు పేర్చుట యెవరికిని చేతగాలేదు. అప్పుడు ఇల్లు వదలిన ముదుసళ్ల సంగతి తలచినపుడెల్ల మాకొక విషయము తోచును. నలువది యేండ్లు మెలగిన యింట అవ్వ చీకటిలో దీపము లేకయే నడచును. గడప యెంత యెత్తో, గోలెము ఎచ్చట నున్నదో, ఏ బండ కదలునో ఆమె పాదములకు తెలియును. క్రొత్త యింట ఆ పాదములకు ఏమియు తెలియదు. కొడుకుతోపాటు పట్టణపు అద్దె గదికి పోయిన అవ్వకును ఇదే చిక్కు. పైగా అచ్చట నున్ననిరాళ్లు పఱచిన స్నానపు గది.

పాదములకు తెలియుట యనునది మాట వరుసకు అన్నది గాదు. మనిషి నిలుచుటకు దేహము ముగ్గురు సాక్షులను అడుగును. మొదటిది కన్ను. రెండవది లోచెవి. అందు అర్ధవలయములవలె వంగిన మూడు సన్నని నాళములు ద్రవముతో నిండియున్నవి. తల తిరిగినపుడు ఆ ద్రవము కదలి అతిసూక్ష్మమైన రోమములను వంచును, ఆ వార్త మెదడునకు పోవును. మూడవది పాదముల చర్మము, చీలమండ, మోకాలి కీళ్లు. నేల గట్టిదో మెత్తనిదో, దేహము ముందుకు వాలినదో వెనుకకు వాలినదో ఇవి చెప్పును. మెదడు మూడు సాక్ష్యములను సరిచూచి కండరములను సవరించును. ఒకరు తప్పినను తక్కిన ఇద్దఱితో పని జరుగును. గోడ ప్రక్కన నిలిచి ఒక్క క్షణము కన్నులు మూయుడు; పాదములు తమంతట తామే సర్దుకొనుట తెలియవచ్చును. వార్ధకమున ముగ్గురు సాక్షులును ఒకేసారి మసకబాఱుదురు. కంటిలో శుక్లము, చెవిలో రోమములు తగ్గుట, పాదములలో తిమ్మిరి. వీనిపైన తొడ కండరములు సన్నగిల్లుట. రక్తపుపోటునకు, నిద్రకు వేసికొను మాత్రలు కొన్ని, మంచముపైనుండి చటుక్కున లేచినపుడు తల తిప్పును.

పాదముల తిమ్మిరి యనినచో మధుమేహము గుర్తునకు రావలెను. వలసకును దీనికిని గల సంబంధమును హైదరాబాదు, బెంగుళూరు, నాగపూరు, లక్నో నగరముల కర్మాగారములయొద్ద 2005 మొదలు 2007 వఱకు పరిశోధించిరి. పల్లెనుండి వచ్చి కర్మాగారమున కుదిరినవారిని, వారి భార్యలను పరీక్షించుటయే గాక, పల్లెలోనే నిలిచిన వారి తోబుట్టువులను పిలిపించి పోల్చి చూచిరి. రక్తమొకటే, బాల్యమొకటే; మాఱినది చోటు మాత్రమే. ఎంత చక్కని యోచన! పల్లెలో నిలిచిన పురుషులలో నూటికి 6.2 మందికి మధుమేహము కనబడగా, వలసపోయినవారిలో 14.3 మందికి కనబడినది. వీరు నెలజీతపు కొలువువారు. ఎండలో ఇటుకలు మోయు మా మేస్త్రీ కూలీలకు ఈ లెక్క అట్లే చెల్లునని మేము చెప్పజాలము. పట్టణమున కుదురుకొని, నడక మాని, జొన్నరొట్టె వదలిన మన బంధువులకు మాత్రము ఇది హెచ్చరికయే. వారు పండుగకు వచ్చినపుడు పాదములు మొద్దుబాఱినవా యని యడుగుటలో తప్పులేదు.

నీటివలన నడక చెడిన కథ మాకు ప్రక్క జిల్లాలోనే కలదు. నల్గొండ పల్లెల బావులలోని ఫ్లోరైడు ఎముకలలో చేరి, వెన్ను బిగిసి, మోకాళ్లు వంగి, యౌవనముననే ఊతకఱ్ఱ పట్టినవారిని చూడని పెద్దలు ఆ సీమలో లేరు. పటికయు సున్నమును కలిపి ఆ నీటిని శుద్ధిచేయు పద్ధతికి నల్గొండ పద్ధతి యనియే పేరు నిలిచినది. నేల, నీరు, నడక యొకదానికొకటి ఎంత దగ్గఱయో చెప్పుటకే దీనిని ఎత్తితిమి.

ఇక బిందెల సంగతి. చుట్టకుదురుపై నీళ్లబిందె నిలిపి, చంకనొకటి పెట్టుకొని, ఏటి మెట్లెక్కి వచ్చిన స్త్రీలు మా ఊర నిన్నమొన్నటి వఱకు నుండిరి. కెన్యా దేశమున తలపై బరువులు మోయు స్త్రీల ఊపిరి కొలిచిన పరిశోధన యొకటి 1986లో వెలువడినది. తమ బరువులో అయిదవవంతు వఱకు తలపై నున్నను వారికి అదనపు శ్రమ కలుగలేదని అందు తేలినది. చిన్ననాటినుండి అలవడిన నడకలో అంతటి నేర్పు కలదన్నమాట. ఈ మాట విని, బిందెలు మరల నెత్తికెక్కవలెనని ఎవరైనను అన్నచో మేము ఒప్పుకొనము. మెడ నరములు నలిగినవారిని, కడుపుతో నుండి మెట్లపై జాఱినవారిని ఎఱిగియున్నాము. 2016లో మొదలైన మిషన్ భగీరథ కుళాయి ఇంటికి వచ్చుట మేలే. అయినను బిందెతో కూడ ఒక నిత్యసాధన ఇల్లు వదలిపోయినది. దాని చోట వేఱొకటి పెట్టవలెను గదా!

అట్టిదానిని న్యూజిలాండు దేశమున ఒటాగో విశ్వవిద్యాలయమువారు కూర్చిరి. ఎనుబది యేండ్లు, ఆ పైబడిన 233 మంది స్త్రీలను రెండు భాగములు చేసిరి. ఒక భాగమువారి యిండ్లకు రెండు నెలలలో నాలుగుమాఱులు వ్యాయామ వైద్యురాలు పోయి, కాళ్ల బలమునకు, నిలుకడకు తగిన సాధనలు నేర్పినది. రెండవ భాగమువారిని మాటలతో పలుకరించి వచ్చిరి, అంతియే. 1997లో ప్రకటించిన ఫలితము ఇది: ఒక యేటిలో సాధన లేనివారు 152 మాఱులు పడగా, చేసినవారు 88 మాఱులే పడిరి. తరువాత పెక్కు దేశములలో జరిగిన 108 పరిశోధనలను, 23,000 మందికి పైబడిన వారి లెక్కలను 2019లో గుదిగ్రుచ్చి చూచినపుడును, వ్యాయామమువలన పడుట నూటికి 23 వంతులు తగ్గునని తేలినది. నడక యొక్కటియే చాలునని అనుకొనువారు కలరు. నడక మంచిదే గాని, అదొక్కటియే పడుటను తగ్గించునని రుజువు కాలేదు. నిలుకడకు వేఱుగా సాధన కావలెను.

దానికి ఖర్చు లేదు. కొయ్యకుర్చీని గోడకు ఆనించి, చేతులు ఊనక లేచి కూర్చుండుట పదిమాఱులు. ఒక పాదము మడమ రెండవ పాదము వ్రేళ్లకు తగులునట్లు ఒకే వరుసలో నిలిచి పది లెక్కించుట. కుదిరిన పిదప అట్లే పది అడుగులు నడచుట. మునివ్రేళ్లపై లేచి దిగుట. ప్రక్కకు అడుగులు వేయుట. గోడను తాకుచు ఒంటికాలిపై నిలుచుట, తరువాత ఒక్క వ్రేలితో తాకుట, తరువాత తాకకయే. ఈ క్రమమే ముఖ్యము. సులభమైనదానిని ఏండ్ల తరబడి చేసిన లాభము లేదు; కొంచెము తడబాటు కలుగునంత కష్టముండవలెను, పడునంత ఉండరాదు. వారమునకు మూడుమాఱులు అరగంట చేయవలెను. తల తిరుగువారు, ఇదివఱకే పడినవారు వైద్యుని అడిగి మొదలుపెట్టవలెను. మొదటి నెల ప్రక్కన ఒకరుండుట మంచిది. అందుచేతనే కోడలు ప్రయాణమునకు మూట గట్టకమునుపే దీనిని నేర్పి పోవలెనని మేము చెప్పుచున్నాము.

యోగాభ్యాసమున వృక్షాసనము కలదని కొందఱు గుర్తుచేయుదురు. సరియే. మాకు మాత్రము బతుకమ్మ మఱింత ప్రియము. వలయముగా తిరుగుచు, ప్రక్కకు అడుగు వేసి, వంగి చప్పట్లు చఱచి, లేచి మరల అడుగు వేయుటలో దేహభారము కాలినుండి కాలికి మాఱుచునే యుండును. వ్యాయామ వైద్యులు చెప్పుచున్నదియు నిదియే. అవ్వను అరుగుపై కూర్చుండబెట్టి ఆట చూడుమనుట గౌరవమని తలతుము. చేయిపట్టి వలయములోనికి తెచ్చుటయే మేలు.

పడిన పిమ్మట లేచు విధమును కూడ నేర్పవలెను. తొందరపడి లేవరాదు. ప్రక్కకు పొర్లి, మోకాళ్లపైకి వచ్చి, ప్రాకుచు మంచము కోడువఱకు పోయి, దానిని పట్టుకొని ఒక కాలు నిలిపి లేవవలెను. తుంటియొద్ద నొప్పి యుండి కాలు కదలనిచో ఎవరును లాగి లేపరాదు; 108కి కబురు పంపవలెను. రాత్రి దొడ్డికి పోవు త్రోవలో చిన్న దీపము, స్నానపు బండయొద్ద గోడకు గట్టి పిడి, గడప యంచున తెల్లసున్నపు గీత ఉంచినచో సగము భయము తీఱును. వలసపోవువారు ప్రతిదినము ఒకే వేళకు ఫోను చేయు నియమము పెట్టుకొని, ఎత్తనిచో చూచుటకు ప్రక్కింటివారికి చెప్పి పోవలెను.

కొల్లాపురమునుండి ఒక సోదరి వ్రాయుచు, తమ అత్తగారు వ్యాయామమను మాట వినగనే నవ్వి లేచిపోవుచున్నారని, ఏమి చేయవలెనని అడిగినారు. ఆమెతో వ్యాయామమని అనవలదు. అన్నము కుక్కరు మొదటి కూత వేయువఱకు పొయ్యిగట్టుకు ఎడముగా గోడ పట్టుకొని ఒంటికాలిపై నిలువగలరా యని పందెము వేయుడు. మనుమరాలిని పోటీకి నిలుపుడు. రెండవ కూతకు కాలు మార్పించుడు.