ఇల్లు కొనేవారి గొంతు శాసనసభలో వినపడాలి

హైదరాబాద్‌లోని హైటెక్ సిటీ, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ పరిసరాల్లో ఉద్యోగం చేసే మధ్యతరగతి కుటుంబం జన్మలో చేసే అతి పెద్ద కొనుగోలు ఇల్లే. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది. అలాంటి చోట జీతం మీద బతికేవారు తెల్లాపూర్, కొల్లూరు, అమీన్‌పూర్ వైపు చూడక తప్పదు. మార్కెట్ ధరకన్నా బాగా తక్కువకే ఫ్లాటంటూ ప్రీ లాంచ్ ప్రకటనలు గాలం వేసేది ఇలాంటివారికే. డబ్బు పోయాక బాధితులు పోలీసుల దగ్గరికి, స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాకు, వినియోగదారుల కమిషన్‌కు, కోర్టుకు తిరుగుతారు. వీటన్నిటికన్నా ముందు వెళ్లాల్సిన చోటు ఒకటుంది. అది శాసనసభ్యుల గడప. మోసానికి దారి మూసే చట్టం కావాలని కొనుగోలుదారులు సంఘటితంగా, బహిరంగంగా అడగనంతకాలం ఈ కథ పేరు మార్చుకుని పునరావృతమవుతూనే ఉంటుంది.

చట్టం లేదని కాదు. 2016 నాటి రెరా చట్టం మూడో సెక్షన్ ప్రకారం, నమోదు కాని ప్రాజెక్టులో ఫ్లాటు అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడం కూడా నేరమే. అమ్మకం ఒప్పందం రిజిస్టర్ కాకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. కొనుగోలుదారుల నుంచి వసూలైన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి. వీటిని తప్పించుకునే మార్గమే యూడీఎస్, అంటే అవిభాజ్య వాటా అమ్మకం. అనుమతులు రాకముందే, కొన్నిసార్లు స్థలం పూర్తిగా చేతికి రాకముందే, ఫ్లాటు ధరంతా ఒకేసారి వసూలు చేసి, స్థలంలో అవిభాజ్య వాటాను కొనుగోలుదారు పేర రిజిస్టర్ చేస్తారు. కాగితం మీద అది భూమి అమ్మకం. ఆ భూమి మీద ఎన్ని అంతస్తులు వస్తాయన్న హామీ దస్తావేజులో కనపడదు. సబ్ రిజిస్ట్రార్ స్టాంపు డ్యూటీ చూస్తారు తప్ప రెరా నంబరు అడగరు. కొన్నవారు పెద్దగా పరిచయం లేని వందలాది మందితో కలిసి ఖాళీ స్థలానికి సహయజమానులుగా మిగులుతారు.

దీని ఫలితం అమీన్‌పూర్‌లో చూశాం. సాహితీ అనే నిర్మాణ సంస్థ ప్రీ లాంచ్ పేరుతో భారీగా డబ్బు వసూలు చేసి ఇళ్లు కట్టలేదన్న ఫిర్యాదులపై 2022 డిసెంబరులో పోలీసులు సంస్థ అధిపతిని అరెస్టు చేశారు. రెరా ఆ సంస్థకు పది కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది 2023 జులైలో. తెలంగాణ రెరాకు పూర్తికాల ఛైర్మన్ వచ్చిందే 2023 జూన్‌లో. 2024లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) రంగంలోకి దిగింది. ఈ క్రమం చూస్తే లోపం ఎక్కడుందో అర్థమవుతుంది. ప్రతి వ్యవస్థా డబ్బు చేతులు మారాకే కదిలింది. జరిమానా ఎంత పెద్దదైనా అది సర్కారు ఖజానాకు చేరుతుంది, ఇంటి కోసం కట్టిన సొమ్ము మాత్రం వెనక్కి రాదు.

వినియోగదారులు అడిగితే చట్టసభలు వింటాయా అన్న సందేహానికి రెరా పుట్టుకే సమాధానం. 2013లో రాజ్యసభకు వచ్చిన ఆ బిల్లు తర్వాతి సవరణల్లో బలహీనపడింది. ప్రత్యేక ఖాతాలో ఉంచాల్సిన వాటాను 50 శాతానికి తగ్గించాలన్న ప్రతిపాదన వచ్చింది. గృహ కొనుగోలుదారుల సంఘాలు దేశవ్యాప్తంగా గట్టిగా అడ్డుకున్నాయి. 2016 మార్చిలో పార్లమెంటు ఆమోదించిన చట్టంలో అది 70 శాతంగా నిలిచింది. అడిగేవారి ఒత్తిడి పలచబడిన చోట ఏం జరుగుతుందో తెలంగాణ నిబంధనలు చెబుతాయి. పూర్తికాని ప్రాజెక్టులన్నీ నమోదు కావాలని కేంద్ర చట్టం అంటే, 2017 జనవరి 1కి ముందు అనుమతి పొందినవాటిని మన నిబంధనలు పక్కన పెట్టేశాయి.

ఇప్పుడు అడగాల్సింది పెద్ద కోరికేమీ కాదు. బహుళ అంతస్తుల నిర్మాణానికి ఉద్దేశించిన స్థలంలో అవిభాజ్య వాటాను రెరా నమోదు లేకుండా రిజిస్టర్ చేయరాదని శాసనసభ రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించాలి. వారసత్వ పంపకాలకు, కుటుంబాల మధ్య బదిలీలకు మినహాయింపు ఉంచాలి. ఇది కేంద్ర చట్టంతో తలపడటం కాదా అని కొందరు అడుగుతారు. పశ్చిమ బెంగాల్ రెరాకు పోటీగా తెచ్చిన సొంత చట్టాన్ని సుప్రీంకోర్టు 2021 మేలో కొట్టేసిన మాట నిజమే. ఇక్కడ కోరుతున్నది పోటీ చట్టం కాదు, రెరాకు తోడు నిలిచే కట్టుబాటు. రిజిస్ట్రేషన్ ఉమ్మడి జాబితాలోని అంశం. నిషేధిత భూముల రిజిస్ట్రేషన్‌ను ఆపే 22ఏ సెక్షన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసుకున్న సవరణే. 2020 ఆగస్టులో అనధికార లేఅవుట్లలోని ప్లాట్ల రిజిస్ట్రేషన్లను తెలంగాణ ఆపేసింది. ప్లాటుకు పెట్టిన షరతు ఫ్లాటుకు ఎందుకు పెట్టకూడదు?

చదువుకున్న ఉద్యోగులే తక్కువ ధరకు ఆశపడ్డారు, ప్రభుత్వమేం చేస్తుందన్న వాదన ఒకటుంది. కొనేవారి జాగ్రత్త అవసరమే. అయితే వారికి ధైర్యమిచ్చింది సర్కారు కార్యాలయంలో సర్కారు ముద్రతో జరిగిన రిజిస్ట్రేషన్. ఆ దస్తావేజుపై స్టాంపు డ్యూటీ తీసుకున్న రాష్ట్రం తనకేం సంబంధం లేదనడం న్యాయం కాదు. ఈ దారి మూస్తే చిన్న బిల్డర్లకు పెట్టుబడి పుట్టదన్నది మరో వాదన. రెరాలో నమోదైతే కొనుగోలుదారుల నుంచి డబ్బు తీసుకునే హక్కు చిన్న బిల్డరుకూ ఉంది. యూడీఎస్ అమ్మకాలను 2021లో బిల్డర్ల సంఘాలైన క్రెడాయ్, ట్రెడా వంటివే వ్యతిరేకించాయి. నిబంధన పాటించే బిల్డరు పాటించనివాడి ధరతో పోటీపడలేడు. ఈ సవరణ అతనికీ రక్షణే.

శాసనసభ్యులను కలిసి అడగడం పైరవీ అవుతుందని వెనకాడేవారూ ఉన్నారు. చాటుగా చేస్తేనే అది పైరవీ. సవరణ ముసాయిదాను చేతికిచ్చి, వారి జవాబును నియోజకవర్గానికి తెలియజేయడం ప్రజాస్వామ్యం. నిర్మాణ రంగం తన మాట ప్రభుత్వానికి ఎప్పుడూ చెప్పుకుంటూనే ఉంది, అది తప్పు కాదు. అవతలి కుర్చీ ఖాళీగా ఉండటమే తప్పు. ఐటీ కారిడార్ ఉన్న శేరిలింగంపల్లి ఏడు లక్షలకు పైగా ఓటర్లతో రాష్ట్రంలోనే అతి పెద్ద నియోజకవర్గం. ఓటు సొంతూళ్లోనే ఉంచుకున్నవారు దాన్ని నివసించే చోటికి మార్చుకుంటే ఈ గొంతు మరింత బలపడుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రాష్ట్ర వినియోగదారుల రక్షణ మండలి ఏటా కనీసం రెండుసార్లు సమావేశం కావాలి. గేటెడ్ కాలనీల సంఘాలు, బాధితుల బృందాలు, వినియోగదారుల సంస్థలు ఒకే ముసాయిదాపై సంతకం చేసి ఆ మండలి ముందు, ఎమ్మెల్యేల ముందు పెట్టాలి. వచ్చే శాసనసభ సమావేశాల్లో ఈ సవరణకు మద్దతిస్తారా లేదా అన్నది ప్రతి శాసనసభ్యుడూ తన ఓటర్లకు చెప్పి తీరాల్సిన జవాబు.