దరఖాస్తు ఏఐ నింపవచ్చు, తిరస్కరించే హక్కు మాత్రం వద్దు

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ప్రతి జబ్బుకూ వరంగల్ ఎంజీఎందాకా పరుగెత్తే అవస్థ తండాలకూ గూడేలకూ కొంత తగ్గింది. కానీ డాక్టరు చీటీ రాసిన తర్వాతే రోగికి అసలు చిక్కులు ఎదురవుతాయి. ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా? కార్డు ఉందా? మనిషి మంచాన పడితే కూలి డబ్బులు ఎవరు తెస్తారు? వీటిని చక్కబెట్టేది మెడికల్ సోషల్ వర్కర్. బొంబాయి జేజే ఆసుపత్రిలో 1946లోనే మొదలైన కొలువు ఇది.

ఈ ఉద్యోగి రోజులో చాలా భాగం కాగితాలకే పోతుంది. కేసు వివరాలు రాయడం, దరఖాస్తులు నింపడం, ఆరు నెలలు మందులు వాడాల్సిన టీబీ రోగుల్లో ఎవరు మధ్యలో మానేశారో వెతకడం... ఇవన్నీ ఏఐకి అప్పగించదగిన పనులే. మిగిలిన సమయంలో ఆ ఉద్యోగి రోగి ఇంటికి వెళ్లి రాగలడు.

చిక్కల్లా నిర్ణయాల దగ్గరే. ఈ విషయంలో తెలంగాణకు సొంత అనుభవమే ఉంది. ప్రభుత్వ శాఖల సమాచారాన్ని కలిపి అర్హులను తేల్చే ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటర్ వ్యవస్థ హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడిని కారు యజమానిగా లెక్కగట్టింది. ఆ ఇంటి రేషన్ కార్డు పోయింది. కంప్యూటర్ లెక్కలతో రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. అప్పట్లో ఆరోగ్యశ్రీకీ ఆ కార్డే ఆధారం. అంటే తప్పుడు లెక్క బియ్యంతో ఆగదు, ఆపరేషన్ బల్లదాకా వెళుతుంది.

భాష మరో అడ్డంకి. మహబూబాబాద్ తండాల్లో లంబాడీ, భూపాలపల్లి అడవి పల్లెల్లో కోయ మాట్లాడతారు. రెండూ రాజ్యాంగంలో భాషలను గుర్తించే ఎనిమిదో షెడ్యూలులో లేవు. తెలుగు, హిందీలు నేర్చిన యంత్రానికి నాయనమ్మ చెప్పే నొప్పి సగమే అర్థమవుతుంది. భర్త తాగి కొడతాడన్న మాట ఏ ఇల్లాలూ ఫోనుకు చెప్పదు, పక్కన కూర్చున్న మనిషికే చెబుతుంది.

వైద్యంలో ఏఐ మీద మనిషి పర్యవేక్షణ ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023 మార్గదర్శకాలూ చెబుతున్నాయి. ఆ మాటను ఉత్తర్వుగా మార్చాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. ఏఐ అనుమానం చెప్పవచ్చు, సాయం నిరాకరించకూడదు. నిరాకరించే ప్రతి కాగితం మీదా బాధ్యుడైన ఉద్యోగి సంతకం, తెలుగులో కారణం, ఎక్కడ అప్పీలు చేసుకోవాలో ఉండాలి. ఈ ఏర్పాటు చేశాకే ఈ మూడు జిల్లాల ఆసుపత్రుల్లో ఏఐని పనిలో పెట్టాలి.