పత్రికా ప్రచారం – సంపాదక మైత్రి

పత్రికను వెలువరించడం ఒక ఎత్తు. దానిని నలుగురిచేత చదివించడం మరొక ఎత్తు. మొదటి పనికి ధనమూ, శ్రమా ఉంటే చాలును. రెండవ పనికి మిత్రులు కావాలి. ఈ సంగతిని మన కళాశాలల వార్షిక సంచికలు ఇంకా గ్రహించినట్లు లేదు. ఏటేటా సంచిక అచ్చవుతుంది. వార్షికోత్సవం నాడు ముఖ్య అతిథి దానిని ఆవిష్కరిస్తారు. వ్రాసినవారు తమ వ్యాసమూ, దాని మీది తమ పేరూ చూచుకొని సంతోషిస్తారు. మిగిలిన ప్రతులు కట్టలు విప్పకుండానే బీరువా చేరుతాయి. మరుసటి యేడు కొత్త కట్టలు వచ్చి వాటిపై కూర్చుంటాయి. వ్రాసిన విద్యార్థికి తన రచనను గూర్చి ఒక్క అపరిచిత పాఠకుని మాటయినా చెవిని పడదు. కలం పట్టిన తొలిరోజులలో ఇంతకంటె నిరుత్సాహం కలిగించేది వేరొకటి ఉండదని నా అభిప్రాయం.

ప్రచారమనగానే ప్రకటనలూ, గోడపత్రికలూ, సభలూ మన మనస్సుకు తోస్తాయి. మన ప్రాంతంలో పత్రికలు నడిపిన పూర్వులకు ఇవి అంత సులభంగా అందుబాటులో లేవు. 1922లో నిజాం రాష్ట్రంలో రెండు తెలుగు పత్రికలు పుట్టాయి. నల్లగొండ నుండి షబ్నవీసు వెంకటరామ నరసింహారావుగారి ‘నీలగిరి’, ఇనుగుర్తి అనే పల్లె నుండి ఒద్దిరాజు సోదరుల ‘తెనుగు’. పల్లెటూరిలో ముద్రణాలయం పెట్టి, పరిపాలనా భాష ఉర్దూ అయిన రాజ్యంలో తెలుగు పత్రికను తీసినవారికి పాఠకులు ఎక్కడినుండి వస్తారు? ఎరిగినవారు ఎరుగనివారికి చెప్పాలి. చదివినవారు చదవనివారి చేతికి ఇవ్వాలి. వేరు మార్గం లేదు.

సురవరం ప్రతాపరెడ్డిగారు 1926 మే 10న ‘గోలకొండ పత్రిక’ను ఆరంభించిన తరువాత జరిగిన ఒక ఉదంతం మనందరికీ తెలిసినదే అయినా, దానిని మన ప్రస్తుత విషయానికి అన్వయించి చూచినవారు తక్కువ. తెలంగాణలో కవులే లేరని ఒక పండితుడు వ్రాసినప్పుడు ప్రతాపరెడ్డిగారు వాగ్వాదంతో సరిపెట్టలేదు. కవులను సేకరించారు. 1934లో వెలువడిన ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవుల రచనలున్నాయి. దీనిని మనం సాధారణంగా ఆత్మగౌరవ ప్రకటనగా చెప్పుకొంటాము. అది నిజమే. కాని, ఇంతమందిని ఒక సంపాదకుడు స్వయంగా ఎరిగి ఉండడం సాధ్యమేనా? రైలు ఎరుగని పల్లెలలో, ముద్రణ ఎరుగని కవులను వెదకి పట్టాలంటే ఒకరు మరొకరి పేరు చెప్పాలి. ఆ మరొకరు ఇంకొకరికి ఉత్తరం వ్రాయాలి. ఆ సంచిక ఒక సంపాదకుని దీక్షకు ఎంత నిదర్శనమో, ఆయన చుట్టూ అల్లుకొన్న పరిచయాలకు అంత నిదర్శనం. అచ్చులో తమ పేరు చూచుకొన్న ఆ కవులు ఆ పత్రికకు ఊరూరా ఆత్మీయులు కాకుండా ఉంటారా?

పత్రికల మధ్య స్నేహానికి పూర్వం ఒక స్థిరమైన రూపం ఉండేది. దానిని మార్పిడి ప్రతి అనేవారు. నా పత్రిక నీకు, నీ పత్రిక నాకు; చందా లేదు, బాకీ లేదు. వచ్చిన పత్రికల పేర్లూ, చిరునామాలూ ‘స్వీకారం’ అనే శీర్షిక క్రింద రెండేసి పంక్తులలో ప్రకటించేవారు. ఉర్దూ పత్రికలలో ‘తబ్సిరా’ ఇంచుమించు ఇదే పని చేసేది. ఆ రెండు పంక్తులు చూచి దూరపు ఊళ్లోని పాఠకుడు ఒక కార్డు వ్రాసి పడవేసేవాడు. ఈ పద్ధతి మనకే పరిమితం కాదు. అమెరికాలో 1792 నాటి తపాలా చట్టం ప్రతి పత్రికా ముద్రాపకునికీ తన పత్రికను తక్కిన ముద్రాపకులందరికీ తపాలా రుసుము లేకుండా పంపుకొనే హక్కును కల్పించింది. చిన్న పట్టణాల పత్రికలు ఒకదానినుండి ఒకటి వార్తలు ఎత్తి వేసుకొని బ్రతికాయి. ఆ దేశంలో ఒక మూల జరిగినది మరొక మూలకు ఆ విధంగానే ప్రాకింది. ఒక ప్రభుత్వం సంపాదకుల మైత్రికి తపాలా ఖర్చు భరించిందంటే, దాని ప్రయోజనం ఎంతగా గుర్తించిందో ఊహించవచ్చును.

ఇక మన నగరంలోని రెండవ భాష సంగతి. డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్‌గారు 1931లో స్థాపించిన ‘ఇదారా-యె-అదబియాత్-ఎ-ఉర్దూ’ నుండి 1938లో ‘సబ్‌రస్’ మాసపత్రిక బయలుదేరింది. 1949లో ఆబిద్ అలీ ఖాన్‌గారు ‘సియాసత్’ దినపత్రికను ఆరంభించారు. అదే నగరంలో తెలుగు పత్రికలూ నడిచాయి. రెండింటి నడుమ వంతెన కట్టినవారు సంఖ్యలో కొద్దిమందే అయినా గట్టివారు. దాశరథిగారు గాలిబును తెలుగు చేసి 1961లో ‘గాలిబ్ గీతాలు’గా అందించారు. ఆదిలాబాదులో ఉండి సామల సదాశివగారు అమ్జద్ హైదరాబాదీ రుబాయీలను తెలుగులోకి తెచ్చారు. ఉర్దూ సాహిత్య చరిత్రను తెలుగు పాఠకులకు వ్రాసి ఇచ్చారు. ఆయన ‘యాది’ చదివినవారికి తెలుస్తుంది, ఆ గ్రంథం ఆసాంతం మైత్రులే. వారితో కూర్చున్నాను, వీరిని విన్నాను అని ఎదుటివారి గొప్పను చెప్పుకొంటూ పోతారే గాని తన గొప్పను చెప్పుకోరు. చిత్రమేమంటే, రాజధానికి అంత దూరాన ఉండి, తనను గూర్చి చాటుకోని ఆ రచయితను రెండు భాషలవారూ తమవాడనుకొన్నారు. కేంద్ర సాహిత్య అకాడమీ 2011లో ఆయన ‘స్వరలయలు’కు పురస్కారమిచ్చింది.

ఇంతవరకు చెప్పినది ఇతరుల చరిత్ర. ఇప్పుడు మన సంచికను చేతిలోకి తీసుకొందాము. ఒక అట్ట నుండి తెలుగు మొదలవుతుంది. వెనుక అట్ట నుండి ఉర్దూ మొదలవుతుంది. రెండూ ఎదురెదురుగా నడిచి వచ్చి నడిమి పుటలలో కలుసుకొంటాయి. కలుసుకొనే చోట ఛాయాచిత్రాలుంటాయి! తెలుగు విభాగం చదివే విద్యార్థి ఆ ఛాయాచిత్రాల దగ్గర ఆగిపోతాడు. ఉర్దూ విభాగం చదివే విద్యార్థిని అటువైపు నుండి వచ్చి అక్కడే ఆగిపోతుంది. ఒకే దారంతో కుట్టిన రెండు పత్రికలివి. ఒకదానికొకటి మార్పిడి ప్రతినైనా పంపుకోలేదు. వార్షికోత్సవ వేదికపై మాత్రం ఇబ్రహీం కుతుబ్‌షాను మల్కిభరాముడని పిలిచిన తెలుగు కవులను గూర్చి, అమీన్‌ఖానుకు ‘యయాతి చరిత్ర’ను అంకితమిచ్చిన పొన్నెగంటి తెలగనను గూర్చి ఘనంగా ఉపన్యసిస్తాము. నాలుగు వందల యేండ్ల క్రిందటి స్నేహాన్ని పొగడడం సులభం. ప్రక్క బల్లపై కూర్చున్న సహాధ్యాయి ఏమి వ్రాశాడని అడగడం అంత సులభంగా కనిపించదు కాబోలు. బయటి పత్రికలతో మైత్రి నెరపడానికి ముందు ఇంటిలోని ఈ మైత్రిని కుదుర్చుకోవడం అవసరం. ఉర్దూ చదవడం వచ్చిన తెలుగు విద్యార్థులూ, తెలుగులో ధారాళంగా వ్రాయగల ముస్లిం విద్యార్థులూ మన తరగతులలో కొదువ లేరు. అటువంటివారిని ఇద్దరినిద్దరిని కూర్చోబెడితే, ప్రతి విభాగంలోని రెండు మూడు మంచి రచనలు రెండవ విభాగంలోకి వస్తాయి. అనువాదంలో తప్పులు దొర్లవచ్చును, అధ్యాపకులు దిద్దుతారు.

బయటి మైత్రి విషయంలో ఒక హెచ్చరిక చేయక తప్పదు. స్నేహం పేరిట ఇచ్చిపుచ్చుకొనే పొగడ్తలు పెరిగితే, ఒంటెల పెండ్లిలో గాడిదల సంగీతమవుతుంది. ‘మీ సంచిక అద్భుతంగా ఉన్నది, మా సంచికను గూర్చి కూడ నాలుగు మాటలు వ్రాయండి’ అనే ఉత్తరాన్ని ఏ సంపాదకుడూ రెండవసారి చదవడు. అతని సంచికను మొదటి నుండి చివరి వరకు చదివి, అందులోని ఒక కథను గూర్చి, అది ఎక్కడ మనస్సుకు పట్టిందో, ఎక్కడ జారిపోయిందో వ్రాసి చూడండి. ప్రతిఫలం అడగనక్కరలేదు. ఆ ఉత్తరం అందుకొన్న రచయిత, ఇంత శ్రద్ధగా చదివిన ఈ మనిషి ఎవరు, ఇతడు ఏమి వ్రాస్తాడు అని తానే వెదకుకొంటూ వస్తాడు. సంపాదకులను సంపాదించుకొనే రహస్యమేదైనా ఉంటే ఇదే. విద్యార్థులకు ఇది మరొక విధంగా కూడ లాభం. ఇతరుల రచనను గూర్చి సూటిగా నాలుగు వాక్యాలు వ్రాయడం నేర్చినవాడు తన రచనను దిద్దుకోవడమూ నేరుస్తాడు.

మంచి రచన తనంతట తానే పాఠకుని చేరుతుందని కొందరు పెద్దలంటారు. బీరువాలోని కట్టల మాటేమిటి? అందులోనూ మంచి రచనలుండే ఉంటాయి. చేతిఫోనులో వాట్సాప్ బృందాలన్నింటికీ సంచికను ఒక్క క్షణంలో పంపవచ్చును గదా అని మరికొందరంటారు. పంపవచ్చును, పెండ్లి శుభలేఖల నడుమ, శుభోదయాల నడుమ అది కూడ పడి ఉంటుంది. అందరికీ పంపినది ఎవరికీ పంపినట్లు కాదు. ఒకరి పేర వ్రాసి, వారు వ్రాసిన దానిని గూర్చి రెండు మాటలు చేర్చి పంపినప్పుడు, ఫోనులో పంపినా తపాలాలో పంపినా అది అందినట్లే. ఖర్చు సంగతి వేరు. 2025 సెప్టెంబరు 1 నుండి రిజిస్టరు తపాలా స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. భద్రంగా పుస్తకం పంపడం పూర్వమంత చౌక కాదు. కనుకనే ఈ పనిని విద్యార్థుల జేబు మీద వదలకుండా కళాశాల కమిటీ పూనుకోవాలని కోరుతున్నాను.

మన ఊరి సంగతిని కూడ ఈ సందర్భంలో తలచుకోవాలి. జవహర్‌నగర్ అనగానే నగరవాసికి గుర్తు వచ్చేది చెత్త దిబ్బ. మహానగరపు చెత్తంతా లారీలలో ఇక్కడికే వచ్చి చేరుతుంది. దినపత్రికలలో మన ఊరి పేరు కనబడేది కూడ ఎక్కువగా ఆ వాసనను గూర్చి, ఆ నీటిని గూర్చి, ఆ పొగను గూర్చి. ఆ వార్తలు అవసరమే. కాని వాటిని వ్రాసేవారు సాయంత్రానికి నగరానికి తిరిగిపోతారు. ఇక్కడే ఉండి చదువుకొంటున్న అమ్మాయి ఆ దిబ్బను గూర్చి, తన గల్లీని గూర్చి, శామీర్‌పేట చెరువు గట్టును గూర్చి వ్రాసినది మన సంచికలో తప్ప మరెక్కడ దొరుకుతుంది? ఆ వ్యాసం బీరువాలో ఉండిపోతే మన ఊరికి దిబ్బ ఒక్కటే పేరుగా మిగులుతుంది. మనకు కూతవేటు దూరంలో బిట్స్ విద్యాసంస్థ ప్రాంగణం ఉన్నది. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నది. దేశం నలుమూలల నుండి వచ్చిన విద్యార్థులు అక్కడ చదువుతున్నారు. వారి గ్రంథాలయపు బల్లపై మన సంచిక ఉండకూడదా? 1901లో ఏర్పడిన, సుల్తాన్‌బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికీ, పంజగుట్టలోని ఇదారాకూ ఏటా ఒక్కొక్క ప్రతి చేరితే, ఇరవై యేండ్ల తరువాత వెదికే పరిశోధకునికి మన విద్యార్థుల పేర్లు దొరుకుతాయి.

కాబట్టి కమిటీ పెద్దలకు నా విన్నపమిది. ఈ యేటి సంచికలో ఇరవై అయిదు ప్రతులను పంచిపెట్టకుండా వేరుగా ఉంచండి. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు కళాశాలలకూ, పైన చెప్పిన గ్రంథాలయాలకూ, తెలుగులోనూ ఉర్దూలోనూ నడుస్తున్న కొన్ని చిన్న పత్రికలకూ పంపడానికి తపాలా ఖర్చు మంజూరు చేయండి. ప్రతి ప్రతితోపాటు ఒక విద్యార్థి స్వదస్తూరితో వ్రాసిన ఉత్తరం ఉండాలి. బదులుగా వచ్చిన పత్రికలకు గ్రంథాలయంలో ఒక అర కేటాయించండి. వచ్చే యేటి సంచికలో రెండు విభాగాలకూ నడుమ, ఛాయాచిత్రాలకు ముందు, ఉభయ భాషలలో ‘స్వీకారం’ శీర్షికకు ఒక పుట వదలండి. ఆ పుటను నింపే బాధ్యతను తెలుగు విభాగం నుండి ఒకరూ, ఉర్దూ విభాగం నుండి ఒకరూ స్వీకరించడానికి ఈ సెలవులలోపుననే పేర్లు ఇవ్వవలసిందిగా విద్యార్థి మిత్రులను కోరుతున్నాను.