రాష్ట్రపతి నిలయానికి పిల్లల్ని ఊరికే తీసుకెళ్లొద్దు



మా పక్కనున్న బొల్లారం రాష్ట్రపతి నిలయం 2023 ఉగాది నుంచి ఏడాది పొడవునా సందర్శకులకు తెరిచి ఉంటోంది. అంతకుముందు రాష్ట్రపతి శీతాకాల విడిది ముగిశాక కొద్ది రోజులే లోపలికి పోనిచ్చేవారు. ఇప్పుడు బడి పిల్లలు బస్సుల్లో వస్తున్నారు. తోటలు చూసి, ఫొటోలు దిగి వెళ్లిపోతున్నారు. విదేశాధినేత మన దేశానికొస్తే ఏం జరుగుతుందో, రాష్ట్రపతి విందు ఎందుకిస్తారో చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదు. అయినా చెప్పడం లేదు.

విందుల మీద పాఠమా, అదంతా పెద్దల ఆర్భాటం కదా అని తోటి ఉపాధ్యాయులే అంటారు. నేను ఒప్పుకోను. రాష్ట్రపతి నామమాత్రపు అధినేత, ప్రధాని వాస్తవ అధినేత అని పిల్లల చేత బట్టీ పట్టిస్తాం. దానికి బదులు అతిథి దినచర్యను బోర్డు మీద రాస్తే చాలు. పొద్దున రాష్ట్రపతి భవన్ ముందు 21 తుపాకుల వందనం, తర్వాత రాజ్‌ఘాట్, ఆపైన ప్రధానితో హైదరాబాద్ హౌస్‌లో చర్చలు, రాత్రి రాష్ట్రపతి ఇచ్చే విందు. ఎవరి పని ఏమిటో పిల్లలే పట్టుకుంటారు. ఆ హైదరాబాద్ హౌస్ మన నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ఢిల్లీలో కట్టించుకున్న భవనమని కూడా చెప్పాలి.

విందు అంటే తిండి ఒక్కటే కాదు. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ వచ్చారంటే మనకు హైటెక్ సిటీయే గుర్తొస్తుంది. ఆయన హైదరాబాద్ రావడానికి మూడు రోజుల ముందు, 21న, ఢిల్లీలో రాష్ట్రపతి నారాయణన్ విందు ఇచ్చారు. భారత ఉపఖండం ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన చోటన్న మాట అమెరికా నుంచి వినిపిస్తున్న రోజులవి. ఇలాంటి వర్ణనలు శాంతిని చెడగొట్టేవాళ్లకే ఊతమిస్తాయని నారాయణన్ అతిథి ఎదుటే అన్నారు. ఇంటికొచ్చిన వాళ్లతో అలా అనొచ్చా? తొమ్మిదో తరగతిలో ఈ ప్రశ్న వేసి చూడండి, పీరియడ్ చాలదు. అంతకుముందు 1978 జనవరిలో మరో అమెరికా అధ్యక్షుడు కార్టర్ వచ్చినప్పుడు రాష్ట్రపతి హోదాలో ఆతిథ్యమిచ్చింది అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి అని తెలిస్తే మన పిల్లలకు ఆ పదవి మరీ అందనిదిగా అనిపించదు.

నిలయంలో వంటిల్లు విడిగా ఉంటుంది. అక్కణ్నుంచి భోజనశాలకు నేల కింద సొరంగం. ఇప్పుడు దాని గోడల మీద చేర్యాల బొమ్మలున్నాయి, సందర్శకులు నడిచి చూడొచ్చు. వడ్డించేవాళ్లు అతిథుల కంట పడకుండా పళ్లేలు మోసిన దారి అది. విందు వెనక ఎంతమంది కష్టం ఉంటుందో పిల్లలకు అక్కడ నిలబెట్టి చెప్పాలి.

మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా విద్యాశాఖకు నా విన్నపం ఒకటే. నిలయం అధికారులతో మాట్లాడి ఉపాధ్యాయులకు తెలుగులో, ఉర్దూలో చిన్న పుస్తకం వేయించండి. వెళ్లేముందు తరగతికి ఒక అతిథి దేశాన్ని ఇవ్వాలి. ఒక జట్టు ఆ దేశస్థులు ఏం తింటారో, ఏం తినరో కనుక్కుని వంటకాలు ఎంచుకోవాలి. ఇంకో జట్టు రాష్ట్రపతి స్వాగతోపన్యాసం రాయాలి. దాన్ని నిలయంలోనే చదివించాలి. డిసెంబరు విడిదికి పోలీసులు దారి మళ్లించకముందే ఈ పని మొదలుకావాలి. ప్రైవేటు బడులకు బస్సులున్నాయి. మచ్చ బొల్లారం సర్కారు బడి పిల్లల ప్రయాణ ఖర్చును శాఖే భరించాలి.

— విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు, మచ్చ బొల్లారం