లడ్డు, గ్రాంటు, ఒక ప్రశ్న

మాకు గ్రాంటు రాలేదు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. చివర్లో చెక్కు పట్టుకుని ఫోటో దిగిన కథ వస్తుందని ఆశపడి చదివేవారి కాలం వృథా చేయడం నాకిష్టం లేదు. అయినా ఈ వ్యాసానికి ఎందుకు పూనుకున్నానంటే, గ్రాంటు వచ్చినవాళ్ళ ఫోటోలు నోటీసు బోర్డు మీద ఉంటాయి. రానివాళ్ళు నేర్చుకున్నది ఎక్కడా ఉండదు.

సంగతి ఇది. మా హాస్టల్లో ఒక జూనియర్ అమ్మాయి ప్రాక్టికల్స్ మధ్యలో కళ్ళు తిరిగి పడిపోయింది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.4 అని తేలింది. ఆ వయసు అమ్మాయికి 12కు తగ్గకూడదు. పోనీ ఈ అమ్మాయి ఒక్కతేనా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. మెస్సులో ఒక బల్ల చుట్టూ పదిమంది అమ్మాయిలం కూర్చుంటే అందులో అయిదారుగురన్నమాట!

ఫుడ్ సైన్స్ చదివేవాళ్ళం ముగ్గురం ఉన్నాం. చూస్తూ ఊరుకుంటామా? రాగిపిండి, నువ్వులు, బెల్లం, మునగాకు పొడి కలిపి లడ్డు చేశాం. రుచి కుదిరింది. గది గదికీ పంచాం. సీనియర్ అక్క ఒకామె తిని, "దీన్ని ప్యాకెట్లు కట్టి అమ్మండే. ఇలాంటివాటికి గవర్నమెంటు గ్రాంట్లిస్తోంది" అంది. ఆ రోజు నుంచి మాకు నిద్ర లేదు.

గ్రాంటు వేటలో పడ్డాక మాకు తెలిసిన మొదటి విషయం, పైకమంతా ఒక రకం కాదని. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2012లో నెలకొల్పిన బైరాక్ సంస్థ వారి 'బిగ్' గ్రాంటు గరిష్ఠంగా 50 లక్షలు, 18 నెలల పనికి. అది ఇంకా రుజువు కాని కొత్త ఆలోచనను రుజువు చేసి చూపమని ఇచ్చేది. 2021లో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ నిబంధనల్లో 20 లక్షల దాకా గ్రాంటు ఉంది. కాని దరఖాస్తు నాటికి కంపెనీ పెట్టి రెండేళ్ళు దాటకూడదు, సొమ్ము పని జరిగినకొద్దీ వాయిదాలుగా వస్తుంది. 2020లో సూక్ష్మ ఆహార పరిశ్రమలకని ప్రకటించిన కేంద్ర పథకాన్ని కూడా చాలామంది గ్రాంటనే అంటారు. నిజానికది బ్యాంకు అప్పుతో ముడిపడిన సబ్సిడీ: పెట్టుబడిలో 35 శాతం, 10 లక్షలకు మించకుండా. కనీసం 10 శాతం మన చేతి సొమ్ము, మిగతాది అప్పు. ఈ తేడా తెలియకుండా ఫారాలు నింపి నెలలు పోగొట్టుకున్నవాళ్ళను నేనెరుగుదును. మేమూ అందులోవాళ్ళమే.

మొత్తానికి ఒకచోట దరఖాస్తు పెట్టాం. ఎక్కడన్నది ఇక్కడ అనవసరం. ఇరవై రెండు పేజీలు రాశాం. దేశంలో ఎంతమంది కొంటారో, అయిదేళ్ళలో ఎంత లాభమో అన్నీ లెక్కగట్టాం. రంగుల లేబుల్ వేయించాం. దాని మీద పెద్ద అక్షరాలతో "రక్తహీనతకు విరుగుడు" అని అచ్చు కొట్టించాం.

ఇంటర్వ్యూ రోజున కమిటీలో ఒక పెద్దావిడ లడ్డు సగం తిని, "బాగుందమ్మా. ఇది తిని ఎవరి రక్తం ఎంత పెరిగింది?" అనడిగారు.

"తిన్నవాళ్ళంతా బాగుందంటున్నారు మేడం" అన్నాను.

"ఒక్క లడ్డులో ఇనుమెంత?"

పుస్తకంలోని పట్టికలు చూసి కూడిన అంకె చెప్పాను. "చేసిన లడ్డును పరీక్ష చేయించారా?" అన్నారు. చేయించలేదు. ఆరు వారాల తర్వాత ఉత్తరం వచ్చింది, ఎంపిక కాలేదని.

ఆ రాత్రి మేం అననిమాట లేదు. సిఫారసు లేదన్నాం. ఇంగ్లీషు గడగడా మాట్లాడలేకపోయామన్నాం. పెద్ద పేరున్న కాలేజీ కాదు కాబట్టి చిన్నచూపన్నాం. కోపం చల్లారాక, పాకెట్ మనీ పోగుచేసి లడ్డును ల్యాబుకు పంపాం. ఒక లడ్డుకు ఇనుము సుమారు 2 మిల్లీగ్రాములని రిపోర్టు వచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి సిఫారసు ప్రకారం వయోజన స్త్రీకి రోజుకు కావలసింది 29! పైగా రాగుల్లో ఉండే ఫైటేట్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. తిన్న వెంటనే టీ తాగితే మరీను. కాస్త నిమ్మరసమో ఉసిరికాయో తోడైతే నయం. ఇదంతా మా సిలబస్‌లో ఉన్నదే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం గాని లడ్డు చుట్టేటప్పుడు గుర్తు రాలేదు.

అసలు దెబ్బ ఇంకొకటి. కళ్ళు తిరిగి పడిపోయిన ఆ అమ్మాయిని, "మాత్రలు వేసుకుంటున్నావా?" అని మాటవరసకి అడిగాను. "మీ లడ్డు తింటున్నాను కదక్కా, ఇంకా మాత్రలెందుకని మానేశాను" అంది. డాక్టరు రాసిచ్చిన మాత్ర ఒక్కోదానిలో 60 మిల్లీగ్రాముల ఇనుముంది. ఆ లెక్కన ఒక మాత్ర మా లడ్డులు ముప్పయి. రెండు నెలలుగా ఆ పిల్ల మమ్మల్ని నమ్మి మందు మానేసింది. మళ్ళీ పరీక్ష చేయిస్తే 8.1.

ఇప్పుడు చెప్పండి, ఆ గ్రాంటు వచ్చి ఉంటే? ఆ లేబుల్‌తో ఎన్ని ఊళ్ళకు పంపేవాళ్ళం, ఎంతమంది చేత మాత్రలు మానిపించేవాళ్ళం? ఆహారం రోగాన్ని నయం చేస్తుందని ప్రచారం చేయకూడదని 2018 నాటి ఆహార ప్రకటనల నిబంధనలు చెబుతున్నాయి. చట్టం సంగతి అటుంచండి, ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను. కమిటీ కాదనడం న్యాయమేనని నేను ఈనాడు ఒప్పుకుంటున్నాను. గ్రాంటు మంచి ఆలోచనకిచ్చే బహుమతి కాదు, మంచి మనసుకిచ్చే దక్షిణా కాదు. నిజమో కాదో తేల్చమని ప్రజలిచ్చే బయానా.

అయితే మిత్రులారా, కథ ఇక్కడితో ఆపితే సగం న్యాయమే అవుతుంది. పెద్ద సొమ్ము కావాలంటే ముందు రుజువు తెమ్మంటారు. ఆ రుజువుకీ డబ్బు కావాలి. ల్యాబు పరీక్షలకు కొన్ని వేలు. మనుషుల రక్తం పరీక్షించాలంటే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి, బాధ్యత తీసుకునే అధ్యాపకుడి సంతకం. ఏమీ లేనిచోటికీ లక్షల గ్రాంటుకూ నడుమ ఉన్న ఈ గోతిని, ఇంట్లో నాలుగు డబ్బులున్నవాడు ఒక్క గెంతులో దాటేస్తాడు. మెస్ బిల్లు బాకీ ఉన్నవాడు గట్టునే ఉండిపోతాడు. వాడి ఆలోచన మంచిదో చెడ్డదో ఎవరికీ తెలియదు, వాడికి కూడా!

అందుకే నా సూచన. మన యూనియన్ ఏటా 50 వేల రూపాయలు పక్కన పెట్టి నాలుగు చిన్న పరీక్షలకు ఇవ్వాలి. షరతులు మూడు చాలు. తేల్చవలసిన ప్రశ్న ఒక్క వాక్యంలో ఉండాలి. ఒక అధ్యాపకుడు వెంట నిలబడాలి. ఫలితం, తప్పని తేలినా సరే, ఈ సంచికలో అచ్చు కావాలి. "యూనియన్ పని విద్యార్థుల హక్కుల కోసం పోరాడటం, ల్యాబు బిల్లులు కట్టడం కాదు" అనే మిత్రులున్నారు. మన ఆలోచన నిజమో కాదో తేల్చుకునే అవకాశం హక్కు కాదా? వార్షికోత్సవానికి లైట్లు ఒక వరస తగ్గినా ఉత్సవం ఆగదు.

పూర్వ విద్యార్థులకు ఒక్క మాట. 1920లలో యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్ళడానికి మామగారు సమకూర్చిన సొమ్ముతో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసా తోడైంది. ఇచ్చినవారికి ఆయన అంతటివాడవుతాడని ముందే తెలుసా? సమయానికి ఇచ్చారు, అంతే.

ఆ అమ్మాయి ఇప్పుడు మాత్రలు సరిగా వేసుకుంటోంది. మొన్నటి పరీక్షలో 11.1. అది మాత్రల పుణ్యమే. లడ్డు మాత్రం మానలేదు, రుచి కోసమట. పాత లేబుళ్ళన్నీ మేమే చింపేశాం. నిమ్మ ఉప్పు గాని ఉసిరి పొడి గాని కలిపితే మా లడ్డులో ఇనుము ఒంటికి ఎంత పడుతుందన్నది ఇప్పుడు మా ప్రశ్న. జనరల్ బాడీలో ఈ నిధి సంగతి తేలిన మర్నాడే మొదటి దరఖాస్తు మాది. తిరస్కరించినా ఈసారి సిఫారసు లేదని అనం.