వేలిముద్రకు ముందు

అండమాన్ దీవులలో రైలు మార్గం లేదు. కనుక మన రైల్వే సోదరులలో చాలామందికి మిడిల్ పాయింట్ పేరు తెలియకపోవచ్చును. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్ పట్టణంలో అదొక పేట. కూలికీ, చేపల వేటకూ, కట్టుబడి పనులకూ విశాఖ ఓడలో వచ్చిన ఉత్తరాంధ్ర కుటుంబాలు ఆ పట్టణంలో తరతరాలుగా నివసిస్తున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. ప్రభుత్వ కార్యాలయాలు నడిచేది మాత్రం హిందీలో, ఇంగ్లీషులో.

2005 నాటి సమాచార హక్కు చట్టం ఒక మంచి పని చేసింది. వ్రాయలేని మనిషి నోటితో అడిగితే, ఆ అడిగినదానిని కాగితం మీద పెట్టడానికి తోడ్పడవలసిన బాధ్యత సమాచార అధికారిదేనని 6వ సెక్షనులో చెప్పింది. కాని అర్జీ హిందీలోనో, ఇంగ్లీషులోనో, ఆ ప్రాంతపు అధికార భాషలోనో ఉండాలన్నదీ ఆ సెక్షనే. మిడిల్ పాయింట్ తెలుగు కూలీకి ఒక చేత్తో ఇచ్చినది మరొక చేత్తో జారిపోతున్నది. ఆ సందులో నిలబడవలసినది చదువుకున్న ఉద్యోగి.

ఇది ఈ పట్టణానికి కొత్త కాదు. సెల్యులర్ జైలులో గానుగకు కట్టిన రాజకీయ ఖైదీల గోడు బయటికి పొక్కకుండా బ్రిటిష్ వారు కాపలా కాస్తున్న రోజులలో, హోతీలాల్ వర్మ అక్కడి స్థితిగతులను ఉత్తరంగా వ్రాసి రహస్యంగా బయటికి పంపాడు. 1912లో సురేంద్రనాథ్ బెనర్జీ నడిపిన 'బెంగాలీ' పత్రికలో అది వెలువడింది. ఆయన తన ఒక్కని బాధే చెప్పుకోలేదు. తోటి ఖైదీలందరి పక్షాన వ్రాశాడు, దాచకుండా తన పేరూ పెట్టాడు. మరుసటి సంవత్సరం హోం మెంబరు క్రాడాక్ స్వయంగా ఆ జైలుకు రావలసివచ్చింది.

మా తప్పొకటి ఇక్కడ ఒప్పుకొనవలెను. మేము యువకులముగా ఉన్న కాలంలో ఒక కూలీకి బకాయి కూలి కోసం వినతిపత్రం వ్రాసిపెట్టాము. శ్రమదోపిడి, రాజ్యాంగం, సామాజిక న్యాయం అన్నీ అందులో చేరినవి. చదివి వినిపించగా అతడు తల గోక్కుని, "బాగుంది బాబూ, ఇందులో నా మాటొక్కటీ నేదు" అన్నాడు. ఎన్ని దినాలు పనిచేసినాడో, మేస్త్రీ ఏ రోజున డబ్బిస్తానన్నాడో మేము వ్రాయనే లేదు. ఆ కాగితం చింపి మళ్లీ వ్రాశాము. రెండవది పదకొండు పంక్తులు. మనీయార్డరు కూపన్ల మీద ఊరివారికి రెండు ముక్కలు వ్రాసిపెట్టిన పాత తపాలా గుమాస్తాలకు ఈ సంగతి మాకంటే ముందే తెలుసు.

కనుక మన శాఖా కార్యదర్శులకు మనవి. వారానికొక సాయంత్రం యూనియన్ ఆఫీసులో ఒక బల్ల, ఒక మనిషి ఉండాలి. వచ్చినవాడు మన సభ్యుడా కాదా అని అడగవద్దు. కాంట్రాక్టు స్వీపరయినా, గ్యాంగులో దినకూలీ అయినా ఒకటే. అతడు చెప్పిన తేదీలు, మొత్తాలు, పేర్లు అతడు చెప్పినట్లే వ్రాయండి. ఇంగ్లీషులో వ్రాసినదానిని తెలుగులో చదివి వినిపించిన తరువాతనే వేలిముద్ర వేయించండి. నకలొకటి అతని చేతికివ్వండి.

రిజిస్టర్డు పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. అర్జీ చేరినట్లు రుజువు ఇప్పటికీ అడిగి తీసుకోవచ్చునని కౌంటరు దగ్గర నిలబడిన వానికి చెప్పవలసినది మన తపాలా సోదరులే.