పచ్చరంగు కింద ఏముంది?

మా మామది జనగామ. ముప్పై మూడేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. కూరగాయల బండి దగ్గర కూడా అర్ధరూపాయికి లెక్క చూసే మనిషి. అలాంటాయన ఓ శనివారం రాత్రి ఫోన్ చేశాడు.

"అల్లుడా, జీపు కొంటున్న. మామూలు జీపు గాదు, మిల్ట్రీ జీపు. రెండో ప్రపంచ యుద్ధంల తిరిగిందట. మానుకోటల ఉంది. పొద్దుగాల్నే రా, పోయి చూసొద్దాం."

పొద్దున్నే వెళ్లాను. ఇంట్లో వాతావరణం బాగాలేదు. అత్తయ్య మాట్లాడటం లేదు. అది మామూలే. కానీ ఎనభై అయిదేళ్ల అమ్మమ్మ కూడా ముఖం తిప్పుకుని కూర్చుంది.

"పచ్చ జీపు ఇంటి ముందల నిలబెడితే నాకు నిద్ర పట్టదు కొడుకా" అంది.

మామ నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం ఆ మాట దారి పొడవునా గుర్తొస్తూనే ఉంది.

నలభై తొమ్మిది రోజుల బండి

జీపు పుట్టిందే హడావుడిలో! 1940లో యూరప్‌ యుద్ధంలో మునిగి ఉంది. రేపోమాపో తమకూ తప్పదని అమెరికా సైన్యానికి అర్థమైంది. తేలిగ్గా ఉండాలి, నాలుగు చక్రాలూ లాగాలి, బురదలో ఆగకూడదు... అలాంటి బండి కావాలంది. నమూనా తయారీకి ఇచ్చిన గడువు 49 రోజులు. బాంటమ్ అనే చిన్న కంపెనీ కార్ల్ ప్రోబ్‌స్ట్ అనే ఇంజినీరును పిలిపించి, సెప్టెంబరు 23న బండిని సైన్యం ముందు నిలబెట్టింది. చివరికి పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు పట్టుకుపోయాయి. యుద్ధం ముగిసేలోపు ఆ రెండూ కలిసి సుమారు 6 లక్షల 40 వేల జీపులు తయారుచేశాయి.

మన దేశంలో ఈ కథకు మహీంద్రా సోదరులు తోడయ్యారు. 1945లో లూధియానాలో వాళ్లు పెట్టిన ఉక్కు వ్యాపారం పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. అందులో మహమ్మద్ ఎవరో తెలుసా? మాలిక్ గులామ్ మహమ్మద్. అంతకుముందు మన నిజాం సర్కారులో ఆర్థిక మంత్రిగా చేసినాయన! దేశ విభజన తర్వాత ఆయన పాకిస్థాన్‌కు వెళ్లిపోయారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. అమెరికా నుంచి విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బొంబాయి మజ్‌గావ్‌లో బిగించడం మొదలైంది. తర్వాత ఇక్కడే తయారీ. మన పల్లెల్లో తిరిగిన జీపుల్లో ఎక్కువభాగం ఆ సంతానమే.

ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. మానుకోటలో పనికొచ్చింది.

అమ్మమ్మ చెప్పని మాట

జనగామ దాటి పాలకుర్తి మీదుగా వెళుతున్నాం. చాకలి ఐలమ్మ తన భూమి కోసం నిలబడిన ఊరు అది. ఈ చుట్టుపక్కలే కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య ప్రాణాలు పోయాయి. 1948 సెప్టెంబరు 13న యూనియన్ సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. అయిదు రోజుల్లో నిజాం పాలన ముగిసింది. రజాకార్ల పీడ విరగడైందని జనం సంబరపడ్డారు. కానీ సైన్యం వెంటనే తిరిగి వెళ్లలేదు. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించేదాకా దళాల కోసం పల్లెల్లో గాలింపు సాగుతూనే ఉంది.

అప్పటికి అమ్మమ్మ ఎనిమిదేళ్ల పిల్ల. "జీపు చప్పుడు ఇనవడితె మా నాయిన మమ్ముల జొన్న చేన్లకు ఉరికిచ్చేటోడు. చీకటి వడేదాంక ఆడ్నే. దగ్గు వచ్చినా దగ్గొద్దు" అని ఆ సాయంత్రం చెప్పింది నాకు. మామకు అరవై దాటాయి. తల్లి నోట ఆ మాట ఆయనా అప్పుడే వినడం!

ఒకే బండి... అబ్దుల్ హమీద్ పేరు వింటే జీపు మనకు వీరగాథ. 1965 యుద్ధంలో జీపు మీద బిగించిన తుపాకీతోనే కదా ఆయన పాటన్ ట్యాంకులను పేల్చి పరమవీరచక్ర అందుకున్నది! జొన్నచేలో దాక్కున్న పిల్లకు మాత్రం అదే జీపు గుండెదడ. రెండూ నిజమే.

తొమ్మిదా... ఏడా?

మహబూబాబాద్ శివార్లలో ఓ మెకానిక్ షెడ్డు. బయట నిగనిగలాడుతూ ఆకుపచ్చ జీపు. బానెట్టు మీద తెల్ల నక్షత్రం. వెనక జెర్రీక్యాన్, పక్కన గునపం, పార. మామ కళ్లు చూడాలి... పరీక్షలో నూటికి నూరు వచ్చిన పిల్లాడిలా వెలిగిపోయాయి.

"అసలు విల్లీస్ సార్. బర్మా యుద్ధంల తిరిగింది" అన్నాడు అమ్మేవాడు. ధర తొమ్మిది లక్షలు.

మా వెంట వరంగల్ ఆటోనగర్ నుంచి ఓ పెద్ద మెకానిక్ వచ్చాడు. నలభై ఏళ్లుగా జీపులు విప్పి బిగిస్తున్న చేతులు. ఆయన ఏమీ మాట్లాడలేదు. బండి చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి మామను పిలిచాడు. ఆయన చెప్పిన పాఠం మీకూ పనికొస్తుంది.

ఒకటి, స్టీరింగు. యుద్ధకాలపు అమెరికా జీపులన్నిటికీ స్టీరింగు ఎడమవైపే. ఈ బండికి కుడివైపు ఉంది. తర్వాత ఎవరైనా మార్పించి ఉంటే ఆ అతుకులు కనబడాలి. ఇక్కడ అతుకుల్లేవు. అంటే పుట్టుకే కుడిచేతి బండి.

రెండు, ముందు జాలీ. సైనిక జీపు జాలీకి నిలువు సందులు తొమ్మిది. యుద్ధం తర్వాత పౌరుల కోసం చేసిన జీపులకు ఏడు. దీనికి తొమ్మిది ఉన్నాయిగానీ, రేకు కొత్తది. వెల్డింగు ఇంకా నల్లబడలేదు.

మూడు, వెనక తలుపు. సైనిక జీపుకు వెనక తెరిచే తలుపు ఉండదు. స్టెప్నీ అక్కడే తగిలిస్తారు. ఈ బండికి తలుపు ఉండేది. దాన్ని మూసి అతికి, రంగేశారు.

నాలుగు, రేడియేటర్ కింద ఛాసిస్‌కు అడ్డంగా ఉండే కమ్మీ. విల్లీస్‌దైతే గుండ్రటి గొట్టం. ఫోర్డుదైతే తిరగేసిన యూ ఆకారం. పైగా ఫోర్డు వాళ్లు బోల్టుల మీద కూడా ఎఫ్ అక్షరం కొట్టించుకున్నారు. ఇది గొట్టమూ కాదు, ఫోర్డూ కాదు.

అయిదు, బానెట్టు ఎత్తగానే డీజిల్ ఇంజిను నవ్వింది! విల్లీస్ ఎంబీది 60 గుర్రాల పెట్రోలు ఇంజిను.

"బండి తప్పుడు బండి కాదు సార్. మంచి మహీంద్రానే. దానికి దొంగ యూనిఫాం తొడిగిన్రు, గంతే" అన్నాడు పెద్దాయన.

జెర్రీక్యాన్ మాత్రం బాగుంది. 20 లీటర్ల ఈ డబ్బాకు మూడు పిడులుంటాయి. ఒకరు మోయొచ్చు, ఇద్దరు పంచుకునీ మోయొచ్చు. 1930లలో జర్మన్లు రూపొందించారు. వాళ్లకు బ్రిటిష్ సైనికులు పెట్టిన ముద్దుపేరు జెర్రీ. ఆ పేరే డబ్బాకూ వచ్చింది. ఇలాంటి డబ్బాలు, మెస్ టిన్నులు, మడత పారలు సేకరించేవాళ్లు హైదరాబాద్ జుమ్మెరాత్ బజారులో ఓపిగ్గా వెతుకుతారు. ఇష్టమే, తప్పులేదు. పేలని తూటాలు, షెల్లుల జోలికి మాత్రం వెళ్లకండి. అవి సేకరణ కాదు, ఆయుధాల చట్టం కింద కేసు. పతకాలు కనిపిస్తే ఇంకోసారి ఆలోచించండి. చాలా పతకాల అంచు మీద సైనికుడి నంబరు, పేరు చెక్కి ఉంటాయి. ఏ ఇంటి కష్టం అమ్మకానికి వచ్చిందో!

రంగుకూ చట్టముంది

మామ ఇంకా ఆశ వదల్లేదు. "సరే, మహీంద్రానే. పచ్చరంగు ఉన్నది గద" అన్నాడు.

అసలు చిక్కు అక్కడే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది చూడండి. రక్షణ శాఖవి తప్ప ఏ వాహనానికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదు. ట్రాక్టరుకు కూడా! ఊళ్లలో తిరిగే 'మిలటరీ జీపు'లు ఆ రంగుతోనే నిబంధన దాటుతున్నాయి. ఇక ఛాసిస్ కత్తిరించడం, ఇంజిను మార్చడం, బాడీ కొత్తగా కట్టడం... ఇవన్నీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తాయి. తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. హరియాణాలోని మండీ డబ్వాలీలో ఇలాంటి జీపులు కట్టి దేశమంతా అమ్ముతారు. చూడ్డానికి అదిరిపోతాయి. ఆర్సీ దగ్గరే అసలు కథ మొదలవుతుంది.

నిజంగా సైన్యంలో పనిచేసిన బండే కావాలా? దానికీ దారి ఉంది. సైన్యం పక్కనపెట్టిన వాహనాలను ఎంఎస్‌టీసీ వంటి సంస్థల వేలంలో అమ్ముతారు. జబల్‌పూర్‌లో 1969 నుంచి మూడు దశాబ్దాలు తయారైన జోంగాలు, ఆ తర్వాత వచ్చిన జిప్సీలు అలాగే బయటికొచ్చాయి. ఆ బండ్లకు రవాణా శాఖ ఆర్సీ ఉండదు. పైకి చూసే బాణం గుర్తుతో సైన్యం సొంత నంబరు ఉంటుంది. అందుకే వేలం కాగితం పోతే బండి పోయినట్టే.

నిజమైన పాత బండ్ల కోసం 2021 జులైలో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజిను అసలు రూపంలో ఉండాలి. అప్పుడు వింటేజ్‌గా నమోదు చేస్తారు. నంబరులో వీఏ అక్షరాలుంటాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించుకుంటే 5 వేలు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తీసుకెళ్లొచ్చు. రోజూ కూరగాయలకు మాత్రం కుదరదు.

మానుకోట బండి కాగితాలు అడిగాం. ఆర్సీలో ఉన్న యజమాని చనిపోయి చాలా ఏళ్లయింది. ఛాసిస్ నంబరు మీద వేలు పెడితే కొత్త పంచింగు గరగరలాడింది. పెద్దాయన మామ చెవిలో ఒకటే మాట అన్నాడు. "సార్, రంగు వారంల వేస్తం. నంబరు మాత్రం దాని పుట్టుక."

మామ అడ్వాన్సు కోసం తెచ్చిన లక్ష రూపాయలు మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు.

భూపాలపల్లిలో వేపచెట్టు కింద

నెల తర్వాత పెద్దాయనే కబురు చేశాడు. భూపాలపల్లిలో సింగరేణి గనిలో పనిచేసి రిటైరైన ఒకాయన ఇంట్లో జీపు ఉందని. పరకాల మీదుగా వెళ్లాం.

వేపచెట్టు కింద ఉంది బండి. అదీ ఆకుపచ్చే! 1970ల నాటి మహీంద్రా. ఇంటాయన ఏమీ దాచలేదు. "సర్కారు వేలంపాటల కొన్న. మనవడు ముచ్చటవడితె ఈ రంగు ఏయించిన. మిల్ట్రీది గాదు" అన్నాడు. పాత ఆర్సీ పుస్తకం, వేలం కాగితం, రెన్యువల్, ఇన్సూరెన్సు అన్నీ ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉన్నాయి. ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు ఆర్సీతో అక్షరం తేడా లేకుండా కలిశాయి. తేడా ఒక్కచోటే. రంగు అన్నచోట 'తెలుపు' అని ఉంది.

పెద్దాయన పక్క రేకు మీద అరచేతి మేర ఇసుక కాగితంతో రుద్దాడు. పచ్చ పోయింది. తెలుపు వచ్చింది. ఇంకొంచెం రుద్దితే ఎర్రటి మూల ఒకటి బయటపడింది. తలకిందులైన త్రికోణం.

గుర్తొచ్చిందా? కుటుంబ నియంత్రణ గుర్తు! ఆ రోజుల్లో ఆరోగ్య శాఖ జీపు ఊళ్లోకొస్తే వెనకాల పరుగెత్తని పిల్లలున్నారా? బీడీవో జీపు, మలేరియా జీపు, ఎన్నికల మైకు జీపు... తర్వాత ములుగు, కాటారం దారుల్లో టాపు మీద కూడా జనాన్ని మోసిన కమాండర్ జీపు. మన జీపుల అసలు చరిత్ర ఇదీ. దీన్ని పచ్చరంగు వేసి మూసేసి, పక్కనోళ్ల యుద్ధాన్ని అరువు తెచ్చుకుంటున్నాం.

మామ ఫోన్‌లో ఫొటో తీసి ఇంటికొచ్చి అమ్మమ్మకు చూపించాడు. ఆమె కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"మీ చెల్లెకు పాము కరిచిననాడు గిసుంటి బండే గదరా జనగామ దవాఖానకు తీస్కపోయింది. ఆపరేషన్లకు మందిని తీస్కపోనీకి వచ్చిన్రు. దాన్ని చూసి అందరిని దింపి, దీన్ని పండవెట్టుకున్నరు. నువ్వు అప్పుడు హాస్టల్ల ఉంటివి."

ఆ చెల్లెలు మా చిన్నమ్మ. ఇప్పుడు ఇద్దరు మనవరాళ్లున్నారు.

మామ ఆ బండే కొన్నాడు. సంతకాల ఫారాలు, ఆర్సీ బదిలీ పూర్తయ్యాకే మిగతా డబ్బు ఇచ్చాడు. లెక్కల మాస్టారు కదా! పచ్చరంగు గీకించి, ఆర్సీలో ఉన్నట్టే తెల్లరంగు వేయించాడు. త్రికోణం ఉన్నచోట మాత్రం కొత్త రంగు పూయనివ్వలేదు. వెలిసిపోయిన ఎరుపు అలాగే ఉంది.

మొన్న ఫోన్ చేస్తే అడిగాను, అమ్మమ్మ జీపెక్కిందా అని.

"ఎక్కలే. కని పొద్దుగూకంగనే దాని పక్కకు కుర్చీ ఏస్కోని కూసుంటున్నది" అన్నాడు.